ఎంజైమ్ లోపలికి దారి

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా బల్లార్షాలో తెలుగువాళ్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, పిల్లలకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో బొగ్గుబాయి మీద పనిచేసి రిటైరైనవాళ్లున్నారు. పేపర్ మిల్లులో షిఫ్టు దిగి నేరుగా ఇటే వచ్చినవాళ్లున్నారు. రాజురా, కోర్పనా వైపు నుంచి పత్తి రైతులొచ్చారు. బడిలో మరాఠీ చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ముందు వరసలో ఉన్నారు. వీళ్లందరికీ పనికొచ్చే సైన్స్ ముచ్చట ఒకటి చెప్పమన్నారు. నేను ఎంజైమ్‌లను ఎంచుకున్నాను. అందులోనూ ఒక్క భాగమే చెప్తాను: ఎంజైమ్ లోపలికి వెళ్లే సొరంగం. పత్తి మీద కొట్టే మందు మనిషిని ఎందుకు పడగొడుతుంది, ఆస్ప్రిన్ గోళి రక్తాన్ని ఎలా పలచన చేస్తుంది, ఒక బూజు పత్తి గుడ్డను ఎలా తినేస్తుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ సొరంగంలోనే ఉంది.

ఎంజైమ్ అంటే ప్రోటీన్. వందల అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరి, ఆ గొలుసు మడతలు పడి గట్టి ముద్దగా తయారవుతుంది. అంత ముద్దలోనూ అసలు పని జరిగేది ఒక్కచోటే. దాన్ని క్రియాశీల స్థానం అంటారు. ఎంజైమ్ పట్టుకుని మార్చే పదార్థాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు.

1894లో ఎమిల్ ఫిషర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎంజైమ్‌ని తాళంతో, సబ్‌స్ట్రేట్‌ని తాళంచెవితో పోల్చాడు. 1958లో డేనియల్ కోష్లాండ్ దాన్ని సవరించాడు. సబ్‌స్ట్రేట్ వచ్చి తగిలినప్పుడు ఎంజైమ్ తన ఆకారాన్ని కొంచెం సర్దుకుంటుందన్నాడు. ఇంటర్ పుస్తకాల్లో ఇప్పటికీ ఈ రెండే ఉంటాయి. రెండూ మంచి ఆలోచనలే. కానీ రెండూ మాట్లాడేది పని జరిగే చోటు గురించే. అక్కడికి సబ్‌స్ట్రేట్ ఎలా చేరుతుందో రెండూ చెప్పవు. దీనికి కారణం ఉందని నా అభిప్రాయం. ఎక్స్-కిరణాలతో ఆకారం తేల్చిన మొట్టమొదటి ఎంజైమ్ లైసోజైమ్. 1965లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఆ పని చేసింది. లైసోజైమ్‌లో క్రియాశీల స్థానం పైకే కనిపించే చీలికలో ఉంటుంది. సబ్‌స్ట్రేట్ వచ్చి ఆ చీలికలో కూర్చుంటే సరిపోతుంది. ఆ బొమ్మే అందరి మనసులో నిలిచిపోయింది.

తరవాత చూసిన ఎన్నో ఎంజైమ్‌లు అలా లేవు. వాటిలో క్రియాశీల స్థానం ప్రోటీన్ కడుపులో లోతుగా దాగి ఉంది. దానికీ బయటికీ మధ్య ఇరుకైన సొరంగం ఉంది. మన కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే పీ450 ఎంజైమ్‌లు అలాంటివే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విడగొట్టే కెటలేజ్ కూడా అంతే. లోపల దాచుకోవడంలో లాభం ఉంది. చుట్టూ ఉన్న నీళ్లు అడ్డంగా వచ్చి చర్యను పాడుచెయ్యవు. ప్రమాదకరమైన మధ్యంతర పదార్థాలు బయటికి జారిపోవు. దారి సైజును బట్టి, దారి గోడల స్వభావాన్ని బట్టి, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో అక్కడే తేలిపోతుంది.

బాయిలో పనిచేసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అందుతుంది. బొగ్గు తవ్వే చోట, అంటే ఫేస్ దగ్గర, బొగ్గు ఎంతున్నా, ఎంత మంచి పనివాళ్లున్నా, దిగే దారి, సరుకు పైకొచ్చే దారి ఎంతుంటే ఉత్పత్తి అంతే. ఎంజైమ్ కూడా నాలుగు పనులు వరసగా చేస్తుంది. సబ్‌స్ట్రేట్ లోపలికి రావాలి, సరిగ్గా కూర్చోవాలి, రసాయన చర్య జరగాలి, తయారైనది బయటికి పోవాలి. వీటిలో ఏది అన్నిటికన్నా నెమ్మదో మొత్తం వేగం దాని చేతిలోనే ఉంటుంది. రసాయన చర్య కన్ను మూసి తెరిచేలోగా అయిపోయి, బయటికి పోవడం దగ్గర ఆగిపోయే ఎంజైమ్‌లున్నాయి. క్సాంథోబాక్టర్ అనే బాక్టీరియాలో క్లోరిన్ ఉన్న రసాయనాల్ని విరిచే ఎంజైమ్ ఒకటుంది, దాన్ని డీహెచ్ఎల్‌ఏ అంటారు. దానికి క్లోరిన్ బదులు బ్రోమిన్ ఉన్న డైబ్రోమోఈథేన్ ఇస్తే విరగ్గొట్టడం త్వరగానే అయిపోతుంది. లోపల మిగిలిన బ్రోమైడ్ అయాన్‌ని బయటికి పంపడానికే ఎక్కువ సమయం పడుతుంది.

బీఎస్సీ పిల్లల కోసం ఇంకో మాట. ఎంజైమ్ పనితనాన్ని మనం రెండు అంకెలతో కొలుస్తాం. సబ్‌స్ట్రేట్ కొరత లేనప్పుడు ఒక ఎంజైమ్ అణువు సెకనుకు ఎన్ని అణువుల్ని మార్చగలదో అది కేక్యాట్. అందులో సగం వేగం రావడానికి సబ్‌స్ట్రేట్ ఎంత గాఢతలో ఉండాలో అది కేఎమ్. కేఎమ్ తక్కువైతే పట్టు గట్టిదని పుస్తకంలో రాసి ఉంటుంది. సొరంగం ఉన్న ఎంజైమ్‌లో ఆ మాటను కొంచెం జాగ్రత్తగా చదవాలి. దారి ఇరుకైతే లోపలికి రావడమూ నెమ్మదే, తిరిగి బయటికి పోవడమూ నెమ్మదే. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గితే అసలు పట్టులో మార్పు ఉండదు, వేగం మాత్రం పడిపోతుంది. అంకెలు చూసి క్రియాశీల స్థానం చెడిపోయిందనుకుంటాం. లోపం దారిలో ఉండొచ్చు.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు మాట్లాడాలనుకున్న ఎంజైమ్ దగ్గరికొస్తాను. దాని పేరు అసిటైల్‌కోలినెస్టెరేజ్. మన నరం కండరానికి కబురు పంపాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కబురు అందగానే ఆ రసాయనాన్ని తుడిచెయ్యాలి. లేకపోతే కండరం అదురుతూనే ఉంటుంది. తుడిచే పని ఈ ఎంజైమ్‌ది. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువుల్ని విరగ్గొడుతుంది. నీళ్లలో అణువులు కదిలి ఒకదాన్నొకటి తగిలే వేగమే దీనికి హద్దు అన్నంత దగ్గరికి వస్తుంది. ప్రకృతిలో అతి వేగమైన ఎంజైమ్‌లలో ఇదొకటి.

ఇంత వేగంగా పనిచేసేది కాబట్టి క్రియాశీల స్థానం పైపైనే, అందుబాటులో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. 1991లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జోయెల్ సస్‌మన్, ఇజ్రాయెల్ సిల్‌మన్ బృందం కరెంటు చేప నుంచి తీసిన ఈ ఎంజైమ్ ఆకారం తేల్చింది. క్రియాశీల స్థానం దాదాపు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల లోతున, అంటే 2 నానోమీటర్ల లోతున, ఒక ఇరుకు లోయ అడుగున ఉంది. ఇంకో ఆశ్చర్యం. అసిటైల్‌కోలిన్‌కి ధన ఆవేశం ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకునే చోట రుణ ఆవేశం గల అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయని ముందు నుంచీ అనుకునేవాళ్లు. లోయ గోడల నిండా ఉన్నవి ట్రిప్టోఫాన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్ లాంటివి, వలయాలున్న 14 అమైనో ఆమ్లాలు. ఆ వలయాల ముఖం మీద ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉంటాయి. ధన ఆవేశం గల అణువు వాటిని ఒకదాని తరవాత ఒకటి తాకుతూ కిందికి దిగుతుంది. పట్టు ఉంటుంది, కానీ అంటుకుపోయేంత ఉండదు. అడుగున 84వ స్థానంలోని ట్రిప్టోఫాన్ దాన్ని ఆపి పట్టుకుంటుంది. అక్కడే ఉన్న 200వ స్థానంలోని సెరీన్ దాన్ని విరుస్తుంది.

ఎక్స్-కిరణాలతో చూసేది ప్రోటీన్ స్ఫటికాన్ని. ఆ స్ఫటికంలో కొలిస్తే ఆ లోయలో ఒకచోట సందు అసిటైల్‌కోలిన్ తలకాయ కన్నా ఇరుకుగా ఉంది! మరి అణువు ఎలా దిగుతోంది? స్ఫటికంలో కనిపించేది సగటు ఆకారమే. నిజంలో ప్రోటీన్ నిరంతరం కదులుతూ ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ కదలికలు లెక్కగట్టిన ఆండ్రూ మెక్‌కామన్ బృందం ఆ సందు ఎన్నోసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందని చూపించింది. ఒక్కోసారి తెరుచుకునేది చాలా కొద్ది సమయమే. అసిటైల్‌కోలిన్ చిన్నది కాబట్టి ఆ కాస్త సమయంలో దూరిపోతుంది. పెద్ద అణువులకు అంత వీలు దొరకదు. ఎంజైమ్ మొత్తం మీది రుణ ఆవేశం సబ్‌స్ట్రేట్‌ని దూరం నుంచే లాగుతుందని కూడా అన్నారు. అవిగ్డోర్ షాఫర్‌మన్ బృందం 1994లో పైనున్న రుణ ఆవేశాలు కొన్ని తీసేసి చూస్తే వేగం పెద్దగా తగ్గలేదు. దాంతో ఆ విషయం మీద చాలాకాలం చర్చ నడిచింది. సైన్స్ అలాగే నడుస్తుంది, పిల్లలకు అది కూడా తెలియాలి.

ఇక మన పత్తి చేలకు వస్తాను. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్... ఈ డబ్బాల పేర్లు మీకు నాకన్నా బాగా తెలుసు. ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్‌లనే కుటుంబానివి. ఇవో, శరీరంలో వీటి నుంచి తయారయ్యేవో అదే లోయలోకి దిగి అడుగున ఉన్న సెరీన్‌కి ఫాస్ఫేట్ ముక్కను తగిలిస్తాయి. మామూలుగా అసిటైల్ ముక్క వెంటనే ఊడిపోతుంది. ఫాస్ఫేట్ ముక్క ఊడదు. ఎంజైమ్ పని ఆగిపోతుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. చొల్లు కారడం, చెమటలు, వాంతులు, కంటిపాప బాగా చిన్నదైపోవడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచెయ్యకపోవడం, ఇవన్నీ అందువల్లే. పురుగులో జరిగేదీ ఇదే. మనిషికీ పురుగుకీ ఈ ఎంజైమ్ ఆకారం అంత దగ్గర. కాబట్టి "ఇది పురుగుమందే కదా, మనకేం అవుతుంది" అనుకోవద్దు.

2017లో పక్క జిల్లా యవత్మాల్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుంది. పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఏడు మొక్కలు మనిషెత్తు పెరిగాయని, మందు ముఖం మీదే పడిందని అక్కడివాళ్లు చెప్పారు. కొందరు కూలీల కుటుంబాల బాధగా దాన్ని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. అది మనందరి బాధ.

ఆస్పత్రికి తీసుకెళ్తే రెండు మందులిస్తారు. అట్రోపిన్ ఎంజైమ్‌ని ముట్టుకోదు, పేరుకుపోయిన అసిటైల్‌కోలిన్ చేసే అల్లరిని కొంత ఆపుతుంది. రెండోది ప్రాలిడాక్సిమ్, ఆస్పత్రుల్లో పామ్ అంటారు. అది లోయలోకి దిగి సెరీన్ మీది ఫాస్ఫేట్‌ని లాగెయ్యాలి. ఇక్కడే సమయం ముఖ్యం. కొంతసేపటికి ఆ ఫాస్ఫేట్ నుంచి ఒక చిన్న ముక్క రాలిపోతుంది. ఆ తరవాత పామ్ ఎంతిచ్చినా లాభం ఉండదు. ఆ గడువు కొన్ని పురుగుమందులకు కొన్ని గంటలే. అందుకే పొద్దున చూద్దాంలే అని ఇంట్లో పడుకోబెట్టకండి. బట్టలు విప్పేసి, ఒంటిని సబ్బుతో బాగా కడిగి, ఆ డబ్బా కూడా పట్టుకుని వెంటనే బయల్దేరండి. డబ్బా చూస్తే డాక్టరుకి ఏ మందో తెలుస్తుంది.

దోమలు కూడా ఈ లోయతో యుద్ధం చేశాయి. ఆర్గానోఫాస్ఫేట్‌లు, కార్బమేట్‌లనే ఇంకో రకం పురుగుమందులు వాడుతూ పోతే కొన్ని క్యూలెక్స్, అనాఫిలిస్ దోమలు బతికి బట్టకట్టాయి. 2003లో ఫ్రాన్స్‌లో మిలేన్ వేయ్ బృందం కారణం కనిపెట్టింది. లోయ అడుగున 119వ స్థానంలో గ్లైసీన్ పోయి సెరీన్ వచ్చింది. ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. ఈ కొత్త సెరీన్ పక్కకి పొడుచుకొచ్చి పురుగుమందు అక్కడ కూర్చోవడానికి చోటు లేకుండా చేసింది. అయితే అసిటైల్‌కోలిన్‌కీ చోటు తగ్గింది, ఎంజైమ్ వేగం తగ్గింది. మందు లేని చోట ఆ దోమలు మామూలు దోమల కన్నా వెనకబడతాయి. సొరంగాన్ని మార్చుకోవడం ఉచితంగా రాదు.

ఇదే లోయను మంచికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. మతిమరుపు రోగులకు ఇచ్చే డోనెపెజిల్ అనే గోళి ఈ లోయలో పైనుంచి అడుగు దాకా నిలువునా పడుకుంటుంది. పైన 279వ ట్రిప్టోఫాన్‌నీ కింద 84వ ట్రిప్టోఫాన్‌నీ ఒకేసారి తాకుతుంది. అది అడుగునున్న 200వ సెరీన్‌కి అతుక్కోదు కాబట్టి మళ్లీ ఊడొస్తుంది. విషానికీ మందుకీ తేడా ఎంతో చూడండి.

ఆస్ప్రిన్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఒక పొడవైన కాలువలోంచి లోపలికి వెళ్తుంది. ఆస్ప్రిన్ ఆ కాలువ మధ్యలో 530వ సెరీన్‌కి అసిటైల్ ముక్కను తగిలిస్తుంది. క్రియాశీల స్థానం అలాగే ఉంటుంది, దారే మూసుకుపోతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు ఆ పనికి ఈ ఎంజైమ్‌ని వాడుకుంటాయి. వాటికి కేంద్రకం ఉండదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేవు. అందుకే గుండె రోగులు వేసుకునే చిన్న ఆస్ప్రిన్ ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికినంత కాలం, అంటే వారం పది రోజులు ఉంటుంది. ఆపరేషన్ ముందు డాక్టర్లు ఆస్ప్రిన్ గురించి అడిగేది ఇందుకే. వాళ్లు చెప్పకుండా మీరే ఆపకండి.

ఇప్పటిదాకా దారి మూసినవాళ్ల గురించి విన్నారు. దారిని కావాలని మార్చినవాళ్లూ ఉన్నారు. పురుగుల మీద చల్లే గమాక్సిన్ పొడి పెద్దవాళ్లందరికీ తెలుసు. అది నేలలో ఏళ్లతరబడి ఉండిపోతుంది. దాన్ని తినే బాక్టీరియాలు జపాన్‌లో దొరికాయి, మన దేశంలో ఉత్తరప్రదేశ్ చెరకు పొలాల మట్టిలోనూ దొరికాయి. వాటిలో ఆ మందును విరవడంలో పాలుపంచుకునే లిన్‌బీ అనే ఎంజైమ్ ఉంటుంది. జపాన్ రకానికీ మన రకానికీ తేడా కొద్ది అమైనో ఆమ్లాలే. కానీ ఏ అణువును ఎంతవరకు విరవగలవో అందులో తేడా వస్తుంది. చెక్ దేశంలో బ్ర్నో నగరంలోని మసారిక్ విశ్వవిద్యాలయంలో యిరి దాంబోర్‌స్కీ బృందం క్లోరిన్ రసాయనాల్ని విరిచే ఈ ఎంజైమ్‌ల కుటుంబం మీదే ఏళ్లతరబడి పనిచేసింది. లిన్‌బీలో ప్రధాన సొరంగాన్ని ఒక పెద్ద ట్రిప్టోఫాన్‌తో మూసేసి, ఇంకోచోట కొత్త సొరంగం తెరిచి చూశారు. కొత్త దారితో ఎంజైమ్ బాగా చురుగ్గా పనిచేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల 2009 పని. ట్రైక్లోరోప్రొపేన్ అనే రసాయనం భూగర్భజలాన్ని పాడుచేస్తుంది. అదే కుటుంబంలోని డీహెచ్ఏఏ అనే ఎంజైమ్ దాన్ని చాలా నెమ్మదిగా మాత్రమే విరుస్తుంది. సొరంగాన్ని వెడల్పు చేస్తే వేగం పెరుగుతుందని మనమైతే అనుకుంటాం. వాళ్ల దగ్గర తేలిన మార్పుల్లో చాలావరకు దారిని ఇరుకు చేసే పెద్ద అమైనో ఆమ్లాలే ఉన్నాయి. ఎంజైమ్ వేగం 32 రెట్లు పెరిగింది! ఇరుకైన దారిలోంచి నీళ్లు ఎక్కువ రాలేదు. నీళ్ల అడ్డు తగ్గేసరికి లోపలున్న సబ్‌స్ట్రేట్ చర్యకు అనువుగా కుదురుకుంది. వెడల్పు ఎంత ఉంటే అంత మంచిదన్న ఊహ ఇక్కడ పనికిరాలేదు. ఎవరు రావాలో వాళ్లే రావడం ముఖ్యం.

పత్తి గుడ్డ మాట మొదట్లో అన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం పత్తి గుడారాలు బూజు పట్టి చివికిపోయాయి. ఆ బూజును ఇప్పుడు ట్రైకోడెర్మా రీసై అంటారు. దాని ముఖ్యమైన ఎంజైమ్ సెల్7ఏ. 1994లో స్వీడన్‌వాళ్లు దాని ఆకారం చూస్తే 50 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవు సొరంగం కనిపించింది. పత్తిలో ఉండేది సెల్యులోజ్, అంటే గ్లూకోజ్‌ల గొలుసు. ఆ గొలుసు ఒక చివర సొరంగంలోకి దూరుతుంది. ఎంజైమ్ దాన్ని వదలకుండా ముందుకు జరుగుతూ రెండేసి గ్లూకోజ్‌ల ముక్కల్ని కోస్తూ పోతుంది. సొరంగం మీద కప్పులా ఉన్న ఒక ప్రోటీన్ మెలికను తీసేస్తే మెత్తటి సెల్యులోజ్ మీద వేగం పెరిగింది, గట్టిగా పేర్చుకున్న సెల్యులోజ్ మీద తగ్గింది. గట్టి సెల్యులోజ్‌కి గొలుసును వదలని పట్టు కావాలి. 2011లో జపాన్‌వాళ్లు ఈ ఎంజైమ్ అణువులు సెల్యులోజ్ మీద నడవడాన్ని కళ్లారా చూశారు. ముందు అణువు ఆగితే వెనకవి ట్రాఫిక్ జామ్ అయిపోయాయి. వెదురుతో, గుజ్జుతో పనిచేసే మిల్లు ఊళ్లో ఉన్న పిల్లలు ఈ ఎంజైమ్‌ల మీద ఆసక్తి పెంచుకోవాలని నా కోరిక. ఎంజైమ్‌లు కాగితం పరిశ్రమలోకి ఎప్పుడో వచ్చాయి.

ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే వెబ్‌సైట్‌లో ఎంజైమ్‌ల ఆకారాలు ఉచితంగా దొరుకుతాయి. 1ఈవీఈ అని వెతికితే డోనెపెజిల్ పడుకున్న ఆ లోయ వస్తుంది. సొరంగాలు వెతికే కేవర్ అనే సాఫ్ట్‌వేర్‌ని కూడా బ్ర్నోవాళ్లే ఉచితంగా ఇచ్చారు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. 119వ గ్లైసీన్ ఎక్కడుందో మీరే చూసి, అక్కడ సెరీన్ పెడితే ఏమవుతుందో కొలవండి.

(సభలో ఒక రైతు అడిగిన ప్రశ్నకు జవాబు)

ముక్కుకు రుమాలు కట్టుకుని కొడుతున్నాం, చాలదా అంటున్నారు. చాలదన్నా. ఈ మందులు చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తాయి. రుమాలు తడిస్తే మందును ముఖానికే అదిమి పెట్టినట్టు. చేతులకు తొడుగులు, నిండు బట్టలు కావాలి, గాలికి ఎదురుగా కొట్టకూడదు, మందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. పని అయ్యాక బెల్లం తినడం, పాలు తాగడం వల్ల లోయలో ఇరుక్కున్న ఫాస్ఫేట్ ఊడదు.

రక్తపరీక్ష ఒకటుంది, కోలినెస్టెరేజ్ పరీక్ష అని. ఎర్రకణాల్లో ఉండేది నేను చెప్పిన ఎంజైమే. ప్లాస్మాలో దాని అన్నదమ్ముడు బ్యుటిరిల్‌కోలినెస్టెరేజ్ ఉంటుంది. దాని లోయలో 14 వలయాల్లో 6 లేవు, అందుకే లోయ వెడల్పు, పెద్ద అణువులు కూడా దిగుతాయి. పురుగుమందు దాన్ని కూడా పట్టుకుంటుంది. ఈ ఎంజైమ్‌ల స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. సీజన్‌లో ఒక్కసారి చేయిస్తే అంకె తక్కువో, మీకు ఎప్పుడూ అంతేనో డాక్టరుకి తెలియదు. కాబట్టి వానలు పడక ముందే, ఒక్క చుక్క మందు ముట్టుకోక ముందే ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకోండి. మందు కొట్టే రోజుల్లో మళ్లీ చేయించి, రెండు కాగితాలూ కలిపి డాక్టరుకి చూపించండి.